పొరుగింటి పెరడు – అపైశునం

కృష్ణా డెల్టాలో ఇంటికి ముఖం వీధివైపున ఉన్నా, ప్రాణం పెరటివైపునే ఉంటుంది. చల్లపల్లి పరిసర గ్రామాలలో పాత ఇళ్లకు నేటికీ బావి, పశువుల పాక, గడ్డివామి, అరటిపిలకలు, కరివేప, నందివర్ధనం అన్నీ ఇంటి వెనుకనే. అతిథికి కనిపించేది వసారా. గృహస్థుని నిజస్థితి తెలిసేది పెరట్లో. ఆరవేసిన బట్టలను బట్టి ఇంట్లో ఎందరున్నారో, కట్టుగొయ్య ఖాళీగా ఉంటే గేదెను ఎప్పుడు అమ్ముకున్నారో ఇట్టే తెలిసిపోతుంది. అందుకే పొరుగువాని దృష్టి వీధిగుమ్మం దగ్గర ఆగదు. దడిసందులోంచి వెనుకకు పోతుంది.

ఒక పెరట్లో బరకం కప్పిన రాశి ఒకటి కొత్తగా కనిపించిందనుకోండి. మొదటిరోజు అది ఇసుక. రెండవరోజు దొంగకలప. మూడవరోజుకు సంక్రాంతి పందేలకు పెంచుతున్న కోళ్ల గూళ్లు. నాలుగవరోజున ఆ కథలోకి ఇంటి యజమాని అప్పులు, అల్లుని వ్యవహారం కూడా వచ్చి చేరతాయి. బరకం మాత్రం ఒక్కసారి కూడా తొలగలేదు.

తెలుసుకోవాలనే కోరిక పట్ల శాస్త్రానికి ద్వేషం లేదు. పూర్వమీమాంస ధర్మజిజ్ఞాసతోనూ, ఉత్తరమీమాంస బ్రహ్మజిజ్ఞాసతోనూ ఆరంభమవుతాయి. అయితే బ్రహ్మసూత్రాల తొలి పదానికే భాష్యకారులు ఒక నియమం చెప్పారు: నిత్యానిత్యవస్తువివేకం, వైరాగ్యం, శమదమాదిసంపత్తి, ముముక్షుత్వం అనే సాధనచతుష్టయం సిద్ధించిన తరువాతనే ఆ విచారణ. జిజ్ఞాసకు అధికారి కావాలి. కుతూహలానికి దడిలో రంధ్రం చాలు.

ఈ రంధ్రశబ్దం ఇక్కడ ఊరకే రాలేదు. ఇంద్రియద్వారాలను సృష్టికర్త బయటివైపుకే తొలిచాడనీ, అందువల్ల జీవుడు బయటికే చూస్తాడు తప్ప అంతరాత్మను చూడడనీ కఠోపనిషత్తు బోధిస్తుంది. గీతలో పదహారవ అధ్యాయం దైవీసంపదలో అపైశునాన్ని చేర్చింది. శంకర భగవత్పాదులు దానిని వివరిస్తూ, ఒకరి రంధ్రాన్ని మరొకరి ఎదుట బయటపెట్టడమే పైశునమనీ, అది లేకపోవడం అపైశునమనీ అర్థం చెప్పారు. గమనించవలసింది ఏమంటే, అక్కడ దోషం చూడడంలో కాదు, ప్రకటించడంలో ఉంది. కన్ను ఉన్నవాడికి కనిపిస్తుంది. కనిపించినదాన్ని ఎక్కడికి మోసుకుపోయాడన్నదే ప్రశ్న.

భక్తులలో కొందరు దీనిని తప్పుగా గ్రహించి, పొరుగువాని ఊసే తమకు పట్టకపోవడం వైరాగ్యలక్షణమని భావిస్తారు. ధర్మశాస్త్రం అలా అనదు. శుభకార్యంలో పలువురికి భోజనం పెడుతూ, అర్హులైన పక్కయింటివానిని, ఆ పక్కయింటివానిని విస్మరించిన బ్రాహ్మణునికి మనువు జరిమానా విధించాడు. పొలిమేర తగాదా వస్తే చుట్టుపక్కలవారి సాక్ష్యమే ప్రమాణమన్నాడు. సరిహద్దు చెరిగిపోకుండా బొగ్గులు, ఇటుకలు, పెంకులు, ఊక వంటివి భూమిలో గుప్తచిహ్నాలుగా పాతిపెట్టమన్నాడు. అంటే పొరుగువాని హద్దు ఎక్కడిదాకానో తెలిసి ఉండడం ధర్మం. హద్దుకు అవతల ఏమున్నదో లెక్కించడం వేరు. కౌటిల్యుడైతే గృహనిర్మాణం గురించి చెబుతూ, వెలుతురు కోసం కిటికీని చిన్నదిగా, ఎత్తున పెట్టమన్నాడు. వెలుగు రావాలి గాని చూపు పోకూడదు. నేడు ఒక సీసీ కెమెరాను తన గుమ్మానికీ, రెండవదానిని పక్కవారి పెరటికీ తిప్పి పెట్టుకొనేవారు ఆ ఒక్క మాట వింటే మేలు.

పూల సంగతి కొంచెం చిక్కైనది. గోవుకు గడ్డి, అగ్నికి సమిధలు, పూజకు చెట్లపూలు తనవిగానే భావించి గ్రహించవచ్చునని, పండ్లు మాత్రం కంచె లేని చోటివైతేనే తీసుకోవచ్చునని గౌతమ ధర్మసూత్రం అంగీకరిస్తుంది. తెల్లవారుజామున దోటితో పొరుగింటి మందారాలు కోసే భక్తులకు ఇది గొప్ప ఊరట. అయినా అనుమతి చేతికే గాని కంటికి కాదు. పూలబుట్టతో పాటు ఆ పెరటి వార్తలను కూడా మండపంలోకి తెచ్చి, ప్రదక్షిణం ముగిసేలోగా పదిమందికి పంచేవారున్నారు. పుష్పం స్వామికి, నిర్మాల్యం ఊరికి! అడిగి కోసుకుంటే ఇంటివారే మరో నాలుగు పూలు వేస్తారు, చెప్పదలచినది వారే చెబుతారు.

పొరుగింటి పెరడు నిజంగా తన విషయమయ్యే సందర్భం కూడా ఉంది. 2018 వర్షకాలంలో దివిసీమలోనూ, దాని పరిసరాలలోనూ పాముకాట్లు విపరీతమై, ప్రజలు భయభ్రాంతులయ్యారు. ఆగస్టు నెలలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో సర్పశాంతి యాగం జరిగింది. దానిమీద వాదోపవాదాలూ జరిగాయి. శాంతికర్మ తన ఫలాన్ని తాను ఇస్తుంది. కాని పెరట్లో కుళ్లుతున్న పుల్లలకుప్ప, దానిలో ఎలుకలు, ఎలుకల కోసం వచ్చే కట్లపాము – వీటిని తొలగించే బాధ్యతను ఏ యాగమూ గృహస్థుని భుజం మీదినుంచి దింపదు. పాముకు ప్రహరీ తెలియదు. అక్కడ చూసి ఊరుకోవడం ఉపేక్ష కాదు, అపరాధం.

చూసినదానితో ఏమి చేయాలో చల్లపల్లికి బయటివారు నేర్పనక్కరలేదు. 2014 నవంబరులో వైద్యదంపతులు డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి ప్రేరణతో మొదలైన స్వచ్ఛ చల్లపల్లి ఉద్యమంలో కార్యకర్తలు బ్రాహ్మీముహూర్తాన లేచి, ఊరివారు రహదారుల పక్కన వదలిన మాలిన్యాన్ని స్వహస్తాలతో ఎత్తారు. ఎవరు వేశారో ఊహించడం వారికి కష్టం కాదు. ఆ పేర్లు చాటుతూ కూర్చుంటే ఊరు శుభ్రపడేది కాదు, ఒక్క వీధి నిండా వైరం మిగిలేది.

కనుక పెద్ద విచారణ అక్కరలేదు. దడి వెనుకనుంచి చూసిన సంగతిని అదే ఇంటి ముంగిట నిలబడి, యజమాని ముఖం చూసి చెప్పగలిగితే అది ఇరుగుపొరుగుతనం. చెప్పలేక మూడవ ఇంటికో, ఫోనులోని వాట్సాప్ బృందానికో చేరిస్తే అది పైశునం. ఈశావాస్యం తొలి మంత్రంలోనే పరధనం మీద ఆశ వద్దన్నది. ధనమంటే బంగారమే అనుకుంటారు. పొరుగువాని కష్టం, వాని లోటు, వాని రహస్యం కూడా వాని ధనమే. తన ఖాళీసమయాన్ని నింపుకోవడానికి వాటిని వాడుకోవడం కూడా ఆ ఆశే.

ఇక ఆ బరకం. వెళ్లి తలుపు తట్టవచ్చు. "బాబాయిగారూ, వానలు మొదలయ్యాయి. మీ వెనకాల కుప్పలో పాములు చేరతాయేమోనని భయంగా ఉంది, పిల్లలు అటే ఆడుతున్నారు. రేపు పొద్దున్నే వస్తాను, ఇద్దరం కలిసి సర్దేద్దామా?" అనవచ్చు. కింద ఏమున్నదో అప్పుడు ఎలాగూ తెలుస్తుంది. తెలిశాక, నాలుగు రోజులుగా ఊళ్లో చెప్పుకున్న కథలలో ఒక్కటీ బాబాయిగారికి చెప్పబుద్ధి కాదు.