జీతం ఉన్నోడు జిమ్‌లో ఫీజు తీసుకోవచ్చా?

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వారానికి నాలుగు రోజులు, పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా ఒక జిమ్‌లో పర్సనల్ ట్రైనర్‌గా కూడా పని చేస్తుంటాను. జిమ్ము ఉండేది హైదరాబాదులోనో బెంగుళూరులోనో కాదు. నెల్లూరు నుంచి మైపాడు బీచికి పోయే రోడ్డు మీద. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికి వచ్చినవాణ్ణి, ఇక్కడే ఉండిపోయాను. నెలకొక వారం చెన్నై ఆఫీసుకి వెళ్ళి ముఖం చూపించి వస్తాను.

ఈ సంగతి తెలిసినవాళ్ళు నన్ను మూడు రకాల ప్రశ్నలు అడుగుతారు. చుట్టాలేమో "ఏంది అబ్బయ్యా, ఉద్యోగం గానీ పోయిందా?" అంటారు. ఆఫీసు వాళ్ళేమో గొంతు తగ్గించి "హెచ్‌ఆర్‌కి తెలుసా?" అంటారు. మూడో ప్రశ్న అడిగింది అదే జిమ్‌లో ఫుల్‌టైమ్ పని చేసే కుర్రాడు. "సార్, మీకు నెల తిరిగేసరికి జీతం పడుతుంది గదా. మా పొట్ట మీదికి ఎందుకొచ్చారు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ అది నవ్వులాట ప్రశ్న కాదు. మొదటి రెండిటికీ నా దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. మూడోదే అసలైన ప్రశ్న. వరసగా చెబుతాను.

చుట్టాల ప్రశ్న వెనకాల ఉన్నది పరువు. కంప్యూటర్ ముందు కూచునే పని గొప్పది, ఒకడి పక్కన నిలబడి బరువులు ఎత్తించే పని తక్కువది అని మన లెక్క. ఈ లెక్క ఎప్పుడు మొదలైందో గానీ మన పాతవాళ్ళకు మాత్రం లేదు. తాలింఖానాలో దండీలు, బస్కీలు తీయించేవాణ్ణి 'వస్తాదు' అని గౌరవంగా పిలిచేవాళ్ళు. కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో బడి పిల్లలకు వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయుడు. గొలుసులు తెంచడం, ఏనుగును ఛాతీ మీద ఎక్కించుకోవడం తర్వాతి సంగతి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి పేరు మనందరికీ తెలుసు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో ఆమెకు మొట్టమొదట బరువులెత్తడం నేర్పిన నీలంశెట్టి అప్పన్న గారి పేరు మనలో ఎందరికి తెలుసు? ఎత్తినవాళ్ళు గుర్తుంటారు, ఎత్తించినవాళ్ళు గుర్తుండరు. మా చుట్టాలను ఒక్కళ్ళనే అని లాభం లేదు.

ఇక ఆఫీసు ప్రశ్న. మన ఫీల్డులో మూన్‌లైటింగ్ గొడవ 2022లో ఎంత పెద్దదైందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది ఆగస్టులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ దాన్ని సూటిగా 'మోసం' అన్నారు. సెప్టెంబరులో, పోటీ కంపెనీలకు కూడా పని చేస్తున్న 300 మందిని తీసేశామని చెప్పారు. ఇన్ఫోసిస్ ముందు హెచ్చరిక మెయిలు పంపింది. అక్టోబరు వచ్చేసరికి, పోటీ లేని పనులైతే మేనేజరు, హెచ్‌ఆర్ అనుమతి తీసుకుని ఖాళీ సమయంలో చేసుకోవచ్చు అంది. స్విగ్గీ అయితే ఆగస్టులోనే అలాంటి పాలసీ ప్రకటించింది.

ఈ విషయంలో నా అభిప్రాయం మన ఉద్యోగులు చాలామందికి నచ్చకపోవచ్చు. కంపెనీల మాటలో సగం నిజం ఉంది. రెండు కంపెనీలకు ఒకే పని, ఒకే గంటల్లో చేస్తూ, రెండు లాప్‌టాపుల్లో రెండు స్టాండప్ మీటింగులకు హాజరయ్యేవాడు చేసేది మోసమే. దానికి ఇంకో పేరు పెట్టి సమర్థించలేం. రెండో సగం మాత్రం నిజం కాదు. కంపెనీ కొనుక్కున్నది నా పని గంటల్ని, ఆ గంటల్లో నేను రాసే కోడ్‌ని. నా తెల్లవారుజామును కాదు. పొద్దున ఐదున్నరకు ఒక రొయ్యల రైతు చేత స్క్వాట్లు తీయిస్తే మా క్లయింటు రహస్యాలు ఎవరికి పోతాయి? రొయ్యలకా? :) 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో కూడా, కార్మికుడు ఒకే రోజు రెండు ఫ్యాక్టరీల్లో పని చేయకూడదని ఉండేది. ఎందుకంటే అలిసిపోయిన మనిషి మిషన్ దగ్గర ప్రమాదం కాబట్టి. ఆ ఉద్దేశం మంచిదే. ఉదయం రెండు గంటలు శరీరం కదిలించి వచ్చినవాడు, రాత్రి రెండింటి దాకా రిలీజ్ కాల్‌లో కూచున్నవాడు, ఈ ఇద్దరిలో పదింటికి ఎవరు అలిసిపోయి ఉంటారో మీరే చెప్పండి.

అయినా దొంగచాటుగా చెయ్యాల్సిన అవసరం లేదు. నేను ఏ పని, ఎన్ని గంటలు, ఎంత డబ్బు అని మెయిల్ రాసి, అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాను. రావడానికి నాలుగు నెలలు పట్టింది, ఇద్దరు మేనేజర్లు మారారు, అది వేరే కథ. నోటిమాట అనుమతి మాత్రం నమ్ముకోకండి. ఇచ్చిన మేనేజరు పోతే ఆ మాట కూడా ఆయనతోనే పోతుంది. వచ్చిన ఫీజు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపించండి. అప్పుడు ఎవరు అడిగినా గొంతు తగ్గించాల్సిన పని ఉండదు.

ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్న.

మా జిమ్‌లో అతని జీతం, మనం సాయంత్రం ఆర్డర్లకు, వారాంతం సినిమాలకు పెట్టే ఖర్చు కంటే కాస్త ఎక్కువ, అంతే. పొద్దున ఐదింటికి తాళం తీస్తాడు. పదకొండింటికి ఇంటికి పోయి మళ్ళీ నాలుగింటికి వచ్చి రాత్రి పదింటిదాకా ఉంటాడు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. పర్సనల్ ట్రైనింగ్‌కి ఎవరైనా చేరితే ఆ ఫీజులో సగం వస్తుంది. ఇంకో ఆదాయం ప్రొటీన్ పౌడరు డబ్బా అమ్మితే వచ్చే కమిషన్. ఈ ప్రాంతంలో ఆ పర్సనల్ ట్రైనింగ్ చేరేవాళ్ళు కూడా అలల్లాగా వస్తారు, పోతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, ఆ 61 రోజులూ పట్టపు కుర్రాళ్ళు జిమ్ నింపేస్తారు. నిషేధం ఎత్తేసిన రోజు సగం మంది మాయం. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే 1600 మీటర్ల పరుగు కోసం ఇంకో గుంపు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు మా రొయ్యల రైతులు మొదట మానుకున్న ఖర్చుల్లో జిమ్ ఫీజు ఒకటి. ట్రంప్ సంతకం పెడితే మైపాడు రోడ్డులో ఒక ట్రైనర్ కమిషన్ పోయింది. గ్లోబలైజేషన్ అంటే మన హెచ్1బీ ఒక్కటే కాదు మరి.

ఇలాంటి చోటికి జీతం ఉన్న నాలాంటివాడు వస్తే ఏమవుతుంది? జిమ్ ఓనర్ నాకు మొదటిరోజే చెప్పిన మాట ఇది: "మీకు డబ్బుతో పనేముంది సార్, మెంబర్‌షిప్ ఫ్రీగా ఇస్తాను, సరదాగా నలుగురికి చెప్పండి." వినడానికి మర్యాదగా ఉంది. కానీ లెక్క వేసి చూడండి. నేను ఫ్రీగా చెబితే, నా దగ్గరికి వచ్చే ఆరుగురూ ఆ కుర్రాడికి ఫీజు కట్టాల్సిన ఆరుగురు. నా సరదా ఖర్చు అతని జేబులోంచి పోతుంది. అందుకే ఫుల్‌టైమ్ ట్రైనర్‌కి ఏ ఫీజు ఉందో అదే ఫీజు, అదే సగం వాటా అయితేనే చేస్తానని చెప్పాను. ఓనర్‌కి నేను డబ్బు మనిషిలా కనిపించి ఉంటాను. కనిపించనీ.

ఈ మాట మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఎందుకు చెబుతున్నానంటే, మనోళ్ళలో ఈ అలవాటు ఎక్కువ. ఫొటోగ్రఫీ నేర్చుకుంటాం, పెళ్ళిళ్ళకు ఫ్రీగా తీస్తాం. గిటారు, కేకులు, యోగా, అన్నిటికీ ఇదే కథ. మనకది హాబీ. అది తిండి పెట్టే పని అయినవాడికి మాత్రం మనం జీతం తీసుకోని పోటీదారులం. మన కోడింగ్ పని ఎవరో డబ్బున్నవాడు సరదాకి ఫ్రీగా చేసి పెడతానంటే మనం ఊరుకుంటామా? సేవ చేయాలనుంటే ఫీజు ఎప్పటికీ కట్టలేనివాళ్ళకు చేయండి. పోలీసు పరీక్షకు పోయే ఆడపిల్లలకు ఆదివారం బీచిలో నేను డబ్బు తీసుకోను. అది వేరు, జిమ్‌లో కూచుని రేటు పడగొట్టడం వేరు.

"అయితే మీరు రాకుండా ఉంటేనే అతనికి మేలు కదా?" అని అడగొచ్చు. నిజమే, అడగాల్సిందే. దీనికి జవాబు ట్రైనర్ అసలు చెయ్యాల్సిన పనిలో ఉంది.

మన దేశంలో జిమ్ ట్రైనర్ కావడానికి లైసెన్సు అక్కర్లేదు. కండలుంటే చాలు. అమెరికాలో ఏసీఎస్ఎం, ఏసీఈ లాంటి సంస్థల సర్టిఫికెట్ కావాలంటే పరీక్షతో పాటు సీపీఆర్ కూడా వచ్చి ఉండాలి. మన దగ్గర స్కిల్ కౌన్సిల్ వాళ్ళ ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సు ఉంది గానీ అది చేసిన తర్వాతే పనిలోకి తీసుకోవాలని రూలేం లేదు. 2022 ఫిబ్రవరి 21న మా జిల్లా మనిషి, అప్పటి రాష్ట్ర ఐటీ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి గారు యాభై ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. వ్యాయామం బాగా చేస్తారని పేరున్న మనిషి. ఆయన కుప్పకూలింది ఇంట్లో, జిమ్‌లో కాదు. అయినా అప్పట్లో మా వైపు ఎన్నో ఇళ్ళల్లో "జిమ్ము వద్దు నాయనా" అన్న మాట వినిపించింది. భయం మంచిదే, కానీ అది తప్పు చోట పడింది. వ్యాయామం మానేయడం జవాబు కాదు. 2023లో బయటికొచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారు, ఆ అంచున ఉన్నవాళ్ళు 13.6 కోట్లు. రోజుకు పది గంటలు కూచునే మనం ఆ లెక్కలో ఎక్కడున్నామో చెప్పక్కర్లేదు.

జవాబు, మొదలుపెట్టే ముందు అడగడం. పార్-క్యూ అని ఏడు ప్రశ్నల కాగితం ఒకటి ఉంది, దశాబ్దాలుగా వాడుతున్నది. గుండె జబ్బు ఉందని డాక్టరు ఎప్పుడైనా చెప్పారా? పని చేసేటప్పుడు ఛాతీలో నొప్పి వస్తుందా? గత నెలలో ఊరికే ఉన్నప్పుడు వచ్చిందా? కళ్ళు తిరుగుతాయా? ఎముకలు, కీళ్ళలో ఏమైనా బాధ ఉందా? బీపీకి, గుండెకు మందులు వాడుతున్నారా? వ్యాయామం చేయకూడని కారణం ఇంకేమైనా ఉందా? ఒక్కదానికి 'అవును' వచ్చినా ముందు డాక్టరు, తర్వాతే డంబెల్. ఐదు నిమిషాల పని. టెస్టింగ్ చేయకుండా ప్రొడక్షన్‌లోకి కోడ్ తోసేవాణ్ణి మనం ఎంత తిడతాం! మన గుండెను మాత్రం ఏ ప్రశ్నా అడగని ట్రైనర్ చేతిలో పెడతాం.

ఆ ప్రశ్నలు ఎందుకు అడగరు? తెలియక కొంత. కానీ 'ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి' అంటే చేరబోయే మనిషి చేరకుండా పోతాడు, కమిషన్ పోతుంది. పౌడరు డబ్బా సంగతీ అంతే. కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని 2024లో హైదరాబాదు ఎన్ఐఎన్ వాళ్ళు తయారుచేసిన ఆహార మార్గదర్శకాల్లో ఉంది. గుడ్లు, పప్పులు, చేపలు దొరికే నెల్లూరు తీరంలో డబ్బా ప్రొటీన్ అమ్మడం సముద్రం ఒడ్డున ఉప్పు అమ్మినట్టే. కానీ చేపల పులుసు తినమని చెబితే ట్రైనర్‌కి కమిషన్ ఎవరిస్తారు? ఇంకా కిందికి దిగితే ఇంజక్షన్లు. ఆపరేషన్‌లో బీపీ పడిపోయినప్పుడు ఇచ్చే మెఫెంటర్మిన్‌ను జిమ్ కుర్రాళ్ళకు అమ్ముతున్నవాళ్ళను హైదరాబాదు పోలీసులు పట్టుకున్నారు కూడా. జీతం చాలని మనిషికి ఈ మెట్లు జారుడుగా ఉంటాయి.

సరిగ్గా ఇక్కడే జీతం ఉన్న పార్ట్‌టైమ్ ట్రైనర్‌కి ఒక పని ఉంది. నాకు పౌడరు అమ్మాల్సిన అవసరం లేదు. ఒక మనిషిని 'ఇప్పుడొద్దు' అని వెనక్కి పంపగలను. ఆ కాగితం మా జిమ్‌లో ఇప్పుడు అందరికీ ఇస్తున్నాం. వెనక్కి పంపినవాళ్ళలో ఒకాయన, యాభై దాటిన రైతు, బీపీ చూపించుకుని మందు మొదలుపెట్టి రెండు నెలల తర్వాత తిరిగొచ్చాడు. ఆయన ఆ కుర్రాడి దగ్గరే చేరాడు. అదే నేను అతనికి ఇవ్వగలిగిన జవాబు. మాటల్లో చెబితే నమ్మేవాడు కాదు. ఇప్పటికీ పూర్తిగా నమ్మాడని నేననుకోను. ఓనర్ అతనికి సరిపడా స్థిర జీతం ఇచ్చేదాకా నమ్మాల్సిన అవసరం అతనికి లేదు కూడా.

కాబట్టి మీలో ఎవరైనా ఈ పనిలోకి రావాలనుకుంటే నా సలహా ఇదే. సర్టిఫికెట్, సీపీఆర్ రెండూ నేర్చుకుని రండి. ఆఫీసు అనుమతి కాగితం మీద తీసుకోండి. ఫీజు ఒక్క రూపాయి తగ్గించకండి, డబ్బా ఒక్కటి కూడా అమ్మకండి. ట్రైనర్లు కాకుండా మెంబర్లుగానే ఉండేవాళ్ళు రేపు జిమ్‌కి వెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "మీ ట్రైనర్‌కి పౌడరు అమ్మకుండా బతికే జీతం ఇస్తున్నారా?" ఏసీ ఉందా, స్టీమ్ బాత్ ఉందా అని అడుగుతాం కదా, వాటితో పాటే ఇదీ. మీ వెన్నుపూస మీద అరవై కిలోలు పెట్టేది ఆ మనిషే.