గిటారు మెట్లపై కీరవాణి

తెలుగు పాఠాలు చెప్పుకొనే వానికి గిటారు ఊసెందుకని పాఠకులు అనుకోవచ్చును. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో హాస్టలు గదిలో నా సహవాసి వద్ద ఒక పాత గిటారు ఉండేది. అతని చలువ వల్ల నాలుగు కార్డులు పట్టడం నేర్చుకొన్నాను. (కొన్ని స్వరాలను ఒక్కసారిగా మ్రోగించే కూర్పును గిటారు వాళ్ళు కార్డు అంటారు.) ఆ నాలుగింటితోనే ఇంతకాలం కాలక్షేపం చేశాను. ఇప్పుడు ఐదవది ఒకటి వచ్చి నా చేత ఈ వ్యాసం వ్రాయిస్తున్నది.

గత సంవత్సరం వార్షికోత్సవ సన్నాహాలలో మా విద్యార్థిని ఒకతె కీరవాణి రాగచ్ఛాయలో కట్టిన లలితగీతం పాడుతూ ఉండగా, రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు ప్రక్కన గిటారు వాయిస్తున్నాడు. పల్లవి ముగిసి మళ్ళీ ఎత్తుకొనే చోట అతడొక వింత కార్డు మ్రోగించాడు. హాలంతా ఒక్క క్షణం ఊపిరి బిగపట్టినట్లయినది. పర్యవేక్షణకు వచ్చిన పెద్దమనిషి ఒకరు చేయి ఎత్తి ఆపి, "సినిమాలో దయ్యం వచ్చేటప్పుడు వాయించేది ఇది. మన రాగానికి ఈ అపచారం ఎందుకు నాయనా?" అన్నారు. కుర్రవాడు మారు మాట్లాడలేదు. ఆ రోజు పాట గిటారు లేకుండానే సాగింది, ఉత్సవం నాడు కూడా.

తరువాత ఆ అబ్బాయిని పిలిచి, నీవు వాయించిన దానిలో ఏ స్వరాలున్నాయని అడిగాను. "పేరు డిమినిష్డ్ సెవెంత్ సార్. వేళ్ళు ఎక్కడ పెట్టాలో ఫోనులో వీడియో చూసి నేర్చుకొన్నాను. స్వరాలు తెలియవు" అన్నాడు. నాకు ఆ పెద్దమనిషి మీద వచ్చిన కోపంలో సగం ఇతని మీదికి మళ్ళింది. ఆయన విననే లేదు. ఇతడు వినిపించినదేమిటో ఇతనికే తెలియదు. ఇద్దరి మధ్య నలిగిపోయినది పాట. ఆ కార్డు కీరవాణికి పరాయిది కాదని, ఆ రాగం కడుపులోనే ఉన్నదని నా అభిప్రాయం. అందుకు నాకు తోచిన కారణాలు చెబుతాను.

కీరవాణి 21వ మేళకర్త. షడ్జమ పంచమాలు గాక చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం దీని స్వరాలు. పాశ్చాత్యులు హార్మోనిక్ మైనర్ అని పిలిచేది ఈ స్వరాల వరుసనే. ఈ ఏడింటిలో స, గ, ప అనే మూడింటిని కలిపి మీటితే మైనరు కార్డు వస్తుంది. పాటకు అది ఇల్లు. మిగిలినవి ని, రి, మ, ధ. ఈ నాలుగింటినీ కలిపి మీటండి. దయ్యం కార్డని కోప్పడినది దీనినే. బయటినుంచి ఒక్క స్వరమైనా అరువు తేలేదు. రాగాన్ని రెండు పాళ్ళు చేస్తే ఒక పాలు ఇల్లు, రెండవ పాలు బాట.

ఆ బాటలో నడిచేవాడు ఎక్కడా కూర్చోలేడు. ఎందుకంటే ఆ నాలుగు స్వరాలూ ఒకదాని నుంచి ఒకటి సరిగ్గా మూడేసి స్వరస్థానాల దూరంలో ఉంటాయి. ని నుంచి రి, రి నుంచి మ, మ నుంచి ధ, ధ నుంచి మళ్ళీ ని. అన్నీ సమదూరాలు కావడం వల్ల చెవికి ఏది ఆధారమో తోచదు. మా వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనంటే ఇది అసమాపక క్రియ. "వచ్చి", "చూచి", "తెలిసి" అని ఆపివేస్తే వినేవాడు మన ముఖం వంక చూస్తూ ఉంటాడు. "వెళ్ళెను" అనే సమాపక క్రియ పడే దాకా వాక్యానికి శాంతి లేదు. ఉర్దూ విభాగంలోని మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. ముషాయిరాలో షేర్ మొదటి మిస్రా విని రెండవ మిస్రా కోసం సభ ఎదురుచూచే ఆ కొద్దిపాటి నిశ్శబ్దం వారికి అనుభవమే. అసమాపక క్రియను దయ్యమని ఎవరూ భయపడరు గదా!

చేతిలో గిటారు ఉన్నవారు పరీక్షించి చూడవచ్చును. 'ఏ మైనర్' శ్రుతిలో, అనగా ఖాళీగా మ్రోగే ఐదవ తీగను షడ్జమంగా భావించి, నాలుగవ తీగను ఖాళీగా వదలండి, అది మధ్యమం. మూడవ తీగను మొదటి మెట్టుపై నొక్కండి, నిషాదం. రెండవ తీగ ఖాళీ, రిషభం. మొదటి తీగ మొదటి మెట్టుపై, ధైవతం. రెండే వేళ్ళ పని. ఇప్పుడు మామూలు 'ఏ మైనర్' కార్డు పట్టండి. నిషాదం ఒక మెట్టు ఎక్కి షడ్జమంలో కలుస్తుంది. రిషభం ఒక మెట్టు ఎక్కి గాంధారమవుతుంది. ధైవతం ఒక మెట్టు దిగి పంచమం చేరుతుంది. మధ్యమం మాత్రం రెండు మెట్లు ఎక్కి అదే పంచమం చేరుకొంటుంది. నాలుగు స్వరాలకూ ఇల్లు ఒకటి రెండు మెట్ల దూరంలోనే ఉన్నది. గాత్రంలో నిషాదం మీద నిలిచి షడ్జమంలోకి ఒదిగేటప్పుడు కలిగే సుఖం ఇక్కడ నాలుగు గొంతులలో ఒకేసారి కలుగుతుంది.

నాకు అన్నిటికంటె ఎక్కువ సంతోషం కలిగించిన సంగతి మరొకటి ఉన్నది. ఈ శ్రుతిలో గిటారు ఆరవ తీగ పంచమం, ఐదవ తీగ షడ్జమం. రెండూ ఖాళీ తీగలే. అంటే పై నాలుగు తీగలలో ని, రి, మ, ధ మ్రోగుతూ ఉండగా క్రింద తంబురా మ్రోగుతూనే ఉంటుంది. శ్రుతి పోదు. శ్రుతి మీద నిలిచి చూచినప్పుడే ఆ నాలుగు స్వరాల తపన ఎంతటిదో తెలుస్తుంది. ఇది నేను కనిపెట్టినదేమీ కాదు. బాఖ్ పేర ప్రసిద్ధమైన 'డి మైనర్' టొకాటా ఆరంభాన్ని వినండి. ఆర్గన్ క్రింది భాగంలో షడ్జమాన్ని గట్టిగా పట్టి నిలిపి, దానిపై ఈ కార్డునే ఒక్కొక్క స్వరంగా పేర్చి, చివరకు షడ్జమ స్థానానికి తెచ్చి వదిలారు. తంబురాకు అలవాటుపడిన మన చెవికి ఆ ఘట్టం పరాయిగా తోచకపోవడానికి కారణం ఇదేనని నా ఊహ.

గిటారుపై మన పెద్దలకున్న అభ్యంతరాలు తేలికగా త్రోసివేయదగినవి కావు. మొదటిది మెట్లను గూర్చి. అచ్చువేసినట్లుండే మెట్ల మీద మన స్వరాలు పలకవంటారు. కాని ఉత్తరాంధ్ర వాసులం మనం. బొబ్బిలి వీణను ఎరిగినవాళ్ళం. దానికీ 24 మెట్లుంటాయి, స్థాయికి 12 చొప్పున. మెట్టు తప్పు కాదు. మెట్టు మీద తీగను లాగే వేలు ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. రెండవది విదేశీ వాద్యమని. బెంగుళూరులో 1893లో పుట్టి మన విశాఖపట్నంలో పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతిలోని ఫిడేలు ఏ దేశానిది? 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులైన ఆయనను, మీ వాద్యం పరదేశిది గనుక ప్రక్కన పెట్టండని ఎవరైనా అంటే ఆంధ్రదేశం ఎంత నష్టపోయి ఉండేది! ఆకాశవాణి హార్మోనియాన్ని 1940లో వెలివేసి 1971 దాకా దూరంగా ఉంచింది. ఆ ముప్పై ఏళ్ళలోనూ ఊళ్ళలో భజనలు, నాటకాలు, కవ్వాలీలు హార్మోనియంతోనే సాగాయి. ఇక ఈ ఊరికి గిటారు క్రొత్త చుట్టమేమీ కాదు. రేవుపట్నమాయె, రైల్వే కాలనీలున్న ఊరాయె. ఇప్పుడు సాయంత్రం రామకృష్ణా బీచికి వెళితే గిటారు పట్టిన కుర్రవాడు కనబడని రోజు ఉండదు. (ఉక్కునగరంలో ఉక్కు తీగలకు కొరత లేదు గాని, సముద్రపు ఉప్పుగాలికి అవి త్వరగా త్రుప్పు పట్టిపోవడం మాత్రం మా కుర్రవాళ్ళకు నిత్యకష్టం.)

మూడవ అభ్యంతరం గమకం. దీనికి నా వద్ద పూర్తి సమాధానం లేదు. నాలుగు స్వరాలను ఒకే మారు మీటినప్పుడు ఏ స్వరమూ ఊగదు, నిలబడిపోతుంది. గాయని గాంధారాన్ని ఆందోళిస్తూ ఉన్న చోట గిటారు రాయిలాగా అడ్డుపడితే పెద్దల కోపం న్యాయమే. ఆమె రిషభం మీదనో నిషాదం మీదనో విశ్రమించి, ఇంటికి మరలబోతున్న క్షణంలో మాత్రమే ఈ కార్డుకు చోటు. షడ్జమంలోనో పంచమంలోనో ఆమె హాయిగా నిలిచి ఉన్నప్పుడు దీనిని మ్రోగించడం, నిద్రపోయేవారిని లేపి కూర్చోబెట్టడం వంటిది.

గిటారు నేర్చే మన యువకులతో నా తగవు ఇక్కడ మొదలవుతుంది. పాట విషాదంగా వినబడితే చాలు, అది మైనరని నిర్ణయించి ఈ కార్డు తగిలిస్తున్నారు. మేళకర్త పట్టికలో 20వది నటభైరవి, 21వది కీరవాణి, ప్రక్కప్రక్క ఇళ్ళు. భేదం ఒక్క నిషాదంలోనే. నటభైరవిలో ఉన్నది కైశికి నిషాదం. ఆ పాటకు ఈ కార్డు వేస్తే లేని కాకలి నిషాదాన్ని దొంగచాటుగా లోపలికి పంపినట్లే. గౌరీమనోహరిలో ధైవతం వేరు, సింహేంద్రమధ్యమంలో మధ్యమం వేరు, అక్కడా పొసగదు. మైనరు అనే ఒక్క మాట క్రింద మనకు ఇన్ని రాగాలున్నాయి. 'కీరవాణి' అనగానే 2023లో ఆస్కారు అందుకొన్న మన సంగీత దర్శకుణ్ణి స్మరించే విద్యార్థులు, ఆ పేరు ఒక రాగానిదని ఎరిగినవారు, దాని నిషాదం ఏదో చెప్పగలవారు — ఈ మూడు జాబితాలు తీస్తే ఏది ఎంత పొట్టిదో చెప్పనక్కరలేదు. 1985లో వచ్చిన 'అన్వేషణ' చిత్రంలో ఇళయరాజా ఈ రాగం పేరుతోనే మొదలయ్యే పాట ఒకటి కట్టారు. గిటారు పట్టిన ప్రతి విద్యార్థీ దానిని ముందు స్వరాలలో పాడుకొని, తరువాత కార్డులు వెదుక్కొంటే బాగుంటుందని నా సలహా.

రెండవ దోషం అతివాడుక. ఈ కార్డును పట్టిన ఆకారాన్ని చెదరనీయకుండా మూడు మెట్లు పైకి జరిపితే మళ్ళీ అవే నాలుగు స్వరాలు వస్తాయి, వరుస మాత్రమే మారుతుంది. ఇంకొక మూడు మెట్లు జరిపినా అంతే. 12 స్వరస్థానాలలో ఇటువంటి కార్డులు మొత్తం మూడే సాధ్యం. చేతికి ఇంత సులువైనది దొరికితే కుర్రవాళ్ళు ఊరుకుంటారా? మెట్ల మీద పైకీ క్రిందికీ జారుస్తూ పోతారు. అందులో మరొక చిక్కు కూడా ఉన్నది. నాలుగు స్వరాలలో దేనినైనా నిషాదంగా భావించవచ్చు గనుక ఒకే కార్డు నాలుగు వేర్వేరు షడ్జమాలకు దారి తీయగలదు. పాశ్చాత్య సంగీతంలో శ్రుతి మార్చడానికి ఇది రాచబాట. శ్రుతిని తల్లిగా భావించే మన పాటలో అది అగాధం. ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ 1911లో ప్రకటించిన స్వరసంయోగ గ్రంథంలో ఇటువంటి కార్డులను ద్రిమ్మరుల కోవలో చేర్చి, వాడి వాడి దీనిని అరగదీశారని విసుక్కొన్నాడు. మూకీ చిత్రాల కాలంలో దుష్టపాత్ర తెరపైకి వచ్చినప్పుడల్లా పియానో వాద్యకులు దీనినే మ్రోగించేవారు. మా పెద్దమనిషి చెవిలో దూరిన దయ్యం అక్కడిది. అందుకని ఆయనను పూర్తిగా తప్పుపట్టలేను. ఎవరో అరగదీసిన నాణెం మన చేతికి వచ్చింది.

కాని చేయి తిరిగినవాని వద్ద అదే నాణెం చెల్లుతుంది. జాంగో రైన్‌హార్ట్ అనే జిప్సీ గిటారు విద్వాంసుడు 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు వంకరపోగా, మిగిలిన రెండు వేళ్ళతోనే మెట్లపై పరుగులు తీయించాడు. ఆయన మైనరు శ్రుతి పాటలలో ఈ నాలుగు స్వరాలను కార్డుగా నిలబెట్టక, ఒక్కొక్కటిగా మెట్లెక్కించే తీరు వింటుంటే నాకు జారు స్వరప్రస్తారం గుర్తుకు వస్తుంది. మన విద్యార్థులకు ఈ మార్గం మరింత దగ్గర అనిపిస్తుంది. నాలుగింటిని కలిపి కొట్టనక్కరలేదు. నిరిమధ, రిమధని అని విడదీసి మీటితే గమకానికి కూడా కొంత సందు దొరుకుతుంది.

ఈ సంవత్సరం ఉత్సవానికి అదే పాటను మళ్ళీ తీసుకొన్నాము. ముందు వారం రోజులు గిటారు ముట్టుకోవద్దని అబ్బాయికి చెప్పాను. హార్మోనియం ముందు కూర్చోబెట్టి కీరవాణి ఆరోహణావరోహణలు పాడించాము. గాయని నేర్పింది, వాడు నేర్చుకొన్నాడు, నేను తాళం వేశాను. ఎనిమిదవ రోజున గిటారు తెచ్చి, ఐదవ తీగను ఖాళీగా మ్రోగిస్తూ ఆ కార్డును స్వరాల పేర్లతో చదివి వినిపించాడు. ఆనాడు పాటలో ఆరు చోట్ల వేసిన దానిని ఇప్పుడు తానే ఐదు చోట్ల కొట్టివేశాడు. మిగిలిన ఒక్కచోటు చివరి చరణం ముగిసి పల్లవికి తిరిగే మలుపులో ఉన్నది. నిరుడు ఆపివేసిన పెద్దమనిషికే మొదటి వరుసలో కుర్చీ వేసి, ఆహ్వానపత్రం స్వయంగా ఇచ్చి వచ్చాను. వస్తామన్నారు.