శాతాల లెక్కలో చిల్లర భారం ఎవరిపై?

పట్నాల మాట అటుంచి రాజాం, నరసన్నపేట, చీపురుపల్లి వంటి చోట్ల కిరాణా దుకాణాలలోనూ కంప్యూటర్లు వచ్చాయి. షావుకారు చిట్టా పుస్తకం స్థానంలో తెరపై గడుల పట్టీ వచ్చింది. మంచిదే. లెక్క త్వరగా తేలుతుంది, బిల్లు చేతికి వస్తుంది. కాని ధరలు పెంచినప్పుడు ఆ పట్టీలో ఏమి జరుగుతున్నదో కొనేవారు కొంత తెలుసుకోవలసి వున్నది.

వెనుకటి రోజుల్లో పాత ధర కొట్టివేసి పక్కన కొత్త ధర వ్రాసేవారు. ఎంత పెరిగిందో పుస్తకం చూస్తే తెలిసేది. ఎక్సెల్ పట్టీలో అలా కాదు. ఖాళీ గడిలో 1.10 వేసి, దానిని కాపీ చేసి, ధరల వరుస మొత్తం ఎంచుకుని 'పేస్ట్ స్పెషల్'లో 'మల్టిప్లై' నొక్కితే చాలు, వందలాది సరుకుల ధరలు ఒక్కసారిగా పది శాతం పెరుగుతాయి. పాత ధర అక్కడ మిగలదు. పొరపాటున రెండవసారి నొక్కితే 100 రూపాయల సరుకు 110 కాక 121 అవుతుంది. తప్పు తెలిసి పది శాతం తగ్గించినా 108.90 వస్తుంది గాని 110 రాదు. 1.10తో భాగిస్తేనే సరిపోతుంది.

అసలు చిక్కు చిల్లర దగ్గర వున్నది. 25 పైసల నాణెం 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. అర్ధరూపాయి చెల్లుతుందని చట్టం చెప్పినా సంతలో పుచ్చుకునేవారేరీ? అందుచేత పట్టీలో వచ్చిన పైసలను పై రూపాయికి సరిచేస్తారు. 100 రూపాయల సరుకు 110 అయితే ఏ తేడా లేదు. అయిదు రూపాయల పొట్లం 5.50 అయి, చివరకు ఆరు అవుతుంది. అంటే పెరిగింది పది కాదు, ఇరవై శాతం! కూలి డబ్బు చేతిలో పడిన సాయంత్రం చింతపండు, మిరపకాయలు, పసుపు, ఆవాలు పొట్లాలుగా కొనే కుటుంబం అలాంటివి ఆరు తీసుకుంటే 33 రూపాయలకు బదులు 36 ఇస్తుంది. నెల సరుకు బస్తాలతో తీసుకునేవారికి ఈ బాధ లేదు.

పన్ను తగ్గినప్పుడు మరొక భ్రమ. 2025 సెప్టెంబరు 22 నుండి సిమెంటుపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతానికి తగ్గింది. ధర పది శాతం తగ్గాలని కొందరు దుకాణాల్లో వాదించారు. పన్ను గాక 250 రూపాయల బస్తా అనుకుంటే అది 320 నుండి 295కు రావాలి. తగ్గుదల ఎనిమిది శాతానికి లోపే. ఇక్కడ వ్యాపారిని నిందించటం న్యాయం కాదు. అయితే ఆ 25 రూపాయలు తగ్గాయా లేదా అని అడిగే హక్కు కొనేవారికి వున్నది.

రైతు అమ్మే సరుకుకు మాత్రం ఈ సర్దుబాటు లేదు. సాధారణ రకం ధాన్యం మద్దతు ధర 2024-25లో క్వింటాలుకు 2,300 రూపాయలు కాగా, 2025-26కు 2,369 చేశారు. సరిగ్గా మూడు శాతం. దానిని పైకి సరిచేసి 2,400 చేసినవారు లేరు!

ప్యాకెట్లపై ముద్రించిన గరిష్ఠ ధర మించి అమ్మరాదనే నిబంధన ఎలాగూ వుంది. విడిగా తూచి అమ్మే సరుకులకే రక్షణ లేదు. దుకాణదారులు పాత ధరల వరుసను చెరపకుండా వుంచి, శాతాన్ని వేరే గడిలో వేసి, కొత్త ధరను పక్క వరుసలో రాబట్టవచ్చు. రెండు వరుసలనూ అచ్చుతీసి గోడకు అంటించటానికి ఒక కాగితం ఖర్చు. పైసలను ప్రతి పొట్లం దగ్గర కాక బిల్లు మొత్తం మీద ఒక్కసారే సరిచేయాలి. తూనికలు కొలతల శాఖవారు తనిఖీలకు వచ్చినప్పుడు కాటాతోపాటు ఈ ధరల పట్టీని కూడా చూడవలసిందిగా కోరుతున్నాము.