విత్తొకటి, చెట్టొకటి

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని మన పెద్దలు ప్రశ్నిస్తారు. మొలవదనే వారి భావం. కాని కళారంగంలో ఈ సూత్రానికి అప్పుడప్పుడు భంగం కలుగుతూ ఉంటుంది. దక్షిణ కొరియాలో ఒక పాటకు పట్టిన అదృష్టమే ఇందుకు నిదర్శనం.

2007 ఆగస్టు 5వ తేదీన ఒక టెలివిజన్ సంగీత కార్యక్రమంలో 9 మంది బాలికలు బృందంగా అధికారికంగా రంగప్రవేశం చేశారు. వారి వయస్సు 16, 18 సంవత్సరాల మధ్య. బృందం పేరు ‘సోన్యో షిదే’. బాలికల యుగమని దాని అర్థం. బయటి ప్రపంచం వారిని ‘గర్ల్స్ జనరేషన్’గా ఎరుగును. ఆనాడు వారు పాడిన తొలి పాట పేరును ‘మళ్ళీ కలుసుకున్న లోకం’ అని మన భాషలో చెప్పుకోవచ్చు. దానికి స్వరాలు కూర్చినది కెంజీ అనే మహిళ.

ఈ బృందం తనంతట తానుగా ఏర్పడినది కాదు. ఎస్.ఎం. ఎంటర్‌టైన్‌మెంట్ అనే వ్యాపార సంస్థ బాలికలను చిన్న వయస్సులోనే ఎంపిక చేసి, గానంలోను, నృత్యంలోను ఏళ్ళ తరబడి శిక్షణ ఇప్పించింది. జెస్సికా, సూయంగ్ అనే ఇరువురు 2000లోనే ఆ సంస్థలో చేరారు. ఇది కళ కాదు, కర్మాగారమని ఆక్షేపించినవారు లేకపోలేదు. ఆ ఆక్షేపణలో నిజమూ ఉంది. కళాకారులను దీర్ఘకాలం కట్టిపడవేసే ఒప్పందాలపై వివాదాలు చెలరేగగా, వాణిజ్య పద్ధతులను పర్యవేక్షించే కొరియా ప్రభుత్వ సంఘం 2009లో 7 ఏళ్ళకు పరిమితమైన నమూనా ఒప్పందాన్ని రూపొందించవలసి వచ్చింది.

తొలి పాట బృందానికి గుర్తింపు తెచ్చినా, దేశాన్ని ఊపివేసినది మాత్రం 2009 జనవరిలో వెలువడిన ‘జీ’ అనే పాట. కె.బి.ఎస్. టెలివిజన్ వారి వారపు పోటీలో అది వరుసగా 9 వారాలు అగ్రస్థానంలో నిలిచింది. తొలి పాట కథ అంతటితో ముగియవలసింది.

ముగియలేదు. 2016 జులైలో సియోల్‌లోని ఇహ్వా మహిళా విశ్వవిద్యాలయ విద్యార్థినులు, తమను సంప్రదించకుండా ఒక కొత్త కళాశాలను నెలకొల్పబూనడాన్ని నిరసిస్తూ ప్రధాన భవనంలో బైఠాయించారు. 30వ తేదీన సుమారు 1,600 మంది పోలీసులు ఆవరణలో ప్రవేశించారు. వారి ఎదుట చేతులు పెనవేసుకుని నిలిచిన ఆ యువతుల నోట వెలువడినది, బడిపిల్లలుగా ఉన్నప్పుడు తాము విన్న ఆ పాటే! ఆగస్టు 3న విశ్వవిద్యాలయం తన ప్రతిపాదనను విరమించుకుంది.

2024 డిసెంబరు 3వ తేదీ రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక శాసనం ప్రకటించారు. జాతీయ శాసనసభ కొద్ది గంటలలోనే దానిని త్రోసిపుచ్చింది. తరువాతి దినాలలో చలిని లెక్కచేయక సభాభవనం ఎదుట గుమికూడిన జనంలో యువతులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. సంగీత కచేరీలకు అభిమానులు తీసుకువెళ్ళే రంగురంగుల దీపాలు వారి చేతులలో వెలిగాయి. డిసెంబరు 14న అధ్యక్షునిపై అభిశంసన తీర్మానం నెగ్గింది. ఆ దినాలలో అక్కడ మారుమ్రోగిన పాటలలో ఇదీ ఒకటి.

అమ్మకానికి తయారైన పాటలో ఆత్మ ఉండదని మనం తేలికగా తీసివేస్తాము. కాని పాట పుట్టిన చోటు ఒక్కటే దాని విలువను నిర్ణయించదు. కష్టకాలంలో పదిమందీ కలిసి పాడుకోగలిగితే చాలు, అది వారిదే అవుతుంది. విత్తనం అంగడిలోనిదే. నేల మాత్రం జనానిది.