మోకాలికి తొందర పనికిరాదు

సంక్రాంతి కబడ్డీ పోటీలో కూతకు వెళ్లిన యువకుడు చటుక్కున వెనుదిరుగుతాడు. పాదం నేలపై నిలిచిపోతుంది. శరీరం మాత్రం తిరుగుతుంది. మోకాలిలో 'టప్'మన్న చప్పుడు. సాయంత్రానికి మోకాలు కుండలా వాస్తుంది. ఆటస్థలాల్లో తరచు కనిపించే దృశ్యమే ఇది.

తొడ ఎముకనూ ముంగాలి ఎముకనూ మోకాలి లోపల కలిపి ఉంచే బంధనం ఒకటి ఉంది. వైద్యులు దానిని ఏ.సి.ఎల్. అంటారు. అది తెగినప్పుడు తొడ వెనుక నుంచి గాని, మోకాటి చిప్ప కింద నుంచి గాని కొంత స్నాయువును తీసి, ఎముకల్లో రంధ్రాలు చేసి దాని స్థానంలో అమర్చుతారు. శస్త్రచికిత్స కొద్ది గంటల్లో ముగుస్తుంది. అసలు చికిత్స ఆ తరువాతనే మొదలవుతుంది.

"ఆపరేషన్ అయింది కదా, కదలకుండా పడుకో" అని పెద్దలు ప్రేమతో చెబుతారు. కాని కదలని కాలిలో తొడ ముందరి కండరం కొద్ది రోజులలోనే సన్నబడిపోతుంది. అందుచేత తొలి వారంలోనే తేలికైన వ్యాయామాలు ఆరంభిస్తారు. మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టి, మోకాలిని పరుపుకేసి అదిమి అయిదు సెకన్లు బిగబట్టడం. కాలిని నిటారుగా పైకి లేపడం. మడమను మెల్లగా వెనక్కు జరపడం. మోకాలు పూర్తిగా చాపడానికి రావడం మొదటి లక్ష్యం. హాయిగా ఉన్నదని మోకాలి కింద దిండు పెట్టుకొని నిద్రపోరాదు. కాలు వంగినట్లే బిగుసుకుపోవచ్చు. బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం వైద్యుడు అనుమతించిన తరువాతనే.

తరువాత ఒకచోట నిలిపిన సైకిలు తొక్కడం, మెట్లు ఎక్కడం, ఒంటికాలిపై నిలబడడం ఒక్కటొక్కటిగా వస్తాయి. మృదులాస్థికి కూడా కుట్లు పడితే ఈ క్రమం మారుతుంది. కనుక ఫిజియోథెరపిస్టు సలహా తప్పనిసరి. వ్యాయామం చేసిన మర్నాడు వాపు హెచ్చితే మోతాదు మించిందని గ్రహించాలి. పిక్కలో నొప్పి, వాపు గాని, జ్వరం గాని కనిపిస్తే వెంటనే వైద్యుణ్ణి చూడాలి.

అసలు ప్రమాదం మూడో నెలలో పొంచి ఉంటుంది. అప్పటికి నొప్పి తగ్గుతుంది, నడక కుదురుతుంది, మనసు మైదానం వైపు లాగుతుంది. కాని అమర్చిన స్నాయువు తొలి నెలల్లో బలం కోల్పోయి, కొత్త రక్తనాళాలు పుట్టిన తరువాత నెమ్మదిగా బంధనంగా మారుతుంది. నొప్పి లేకపోవడం వేరు, బలం రావడం వేరు.

2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 106 మందిని రెండేళ్లు పరిశీలించారు. ఆటకు తిరిగి రావడాన్ని తొమ్మిదో నెల వరకు ఒక్కొక్క నెల వాయిదా వేసినకొద్దీ, మోకాలు మళ్లీ గాయపడే రేటు 51 శాతం చొప్పున తగ్గినట్లు అందులో తేలింది.

"మరి స్మృతి మంధాన?" అని పాఠకులు అడగవచ్చు. 2017 జనవరిలో ఆస్ట్రేలియాలో ఆమె ఏ.సి.ఎల్. తెగింది, అదే ఏడాది జూన్‌లో ప్రపంచ కప్‌లో వెస్టిండీస్‌పై 106 పరుగులు చేసింది. నిజమే. కాని నిత్యం నిపుణుల కనుసన్నల్లో సాధన చేసిన క్రీడాకారిణికి సాధ్యమైనది అందరికీ కొలమానం కాదు.

క్యాలెండరు ఒక్కటే చాలదు. గాయపడిన కాలి బలం రెండో కాలి బలంలో కనీసం 90 శాతానికి చేరాలి. ఒంటికాలితో దూకితే రెండు కాళ్లూ దాదాపు సమానమైన దూరం చేరాలి. అటుపిమ్మటనే పోటీ మాట.

సంక్రాంతికి గాయపడి మాఘంలో శస్త్రచికిత్స చేయించుకొన్నవాడు దీపావళి దాటేవరకు ఓర్చుకొని సాధన చేస్తే, మరుసటి సంక్రాంతికి మళ్లీ కూతకు వెళ్లవచ్చు. వేసవిలోనే తొందరపడినవాడు అనేక సంక్రాంతులు గట్టున కూర్చొని చూడవలసి రావచ్చు.