ధార అమ్మబడును

మొన్నటి శీతకాలంలో మా కార్యాలయం వారు ఇరవైమందిమి ఉద్యోగులను రెండు రోజులపాటు మారేడుమిల్లికి తోలుకుపోయారు. తోలుకుపోవడమనే మాటను తెలిసే వాడుతున్నాను. రాజమండ్రిలో బస్సెక్కించి, గోకవరం, రంపచోడవరం దాటించి, అడవిలో దింపి, "ఇక్కడ మీరు ఫ్లోలోకి ప్రవేశిస్తారు" అన్నారు. ప్రవేశపెట్టడానికి ఒక పర్సనల్ కోచ్ మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

ముందే ఒక మాట. ఆ భావనతో నాకు పేచీ లేదు. మిహాయ్ చిక్సెంట్‌మిహాయి (1934-2021, ఈ పేరు పలకడమే ఒక సాధన) పర్వతారోహకులను, చదరంగపు ఆటగాళ్ళను, శస్త్రవైద్యులను, నర్తకులను అడిగి తెలుసుకుని 1975లో ఒక పుస్తకం రాశాడు. 1990లో వచ్చిన మరో పుస్తకంతో ఆ మాట లోకమంతా పాకింది. గమ్యం స్పష్టంగా ఉండాలి, చేసిన పని ఫలితం అప్పటికప్పుడు తెలియాలి, పని కష్టమూ మన నేర్పూ సరితూగాలి; అప్పుడు కాలం తెలియదు, నేననే ఎరుక జారిపోతుంది. మనవాళ్ళు దీన్నే పనిలో పడితే ఒళ్ళు తెలియదంటారు. నేను ధార అంటాను. ఇంతకంటే మంచి మాట ఉంటే చెప్పండి, మార్చుకుంటాను.

నా పేచీ అమ్మకంతో. కోచ్‌గారు తెరమీద మొదట వేసిన అంకె అయిదు వందల శాతం. ధారలో ఉన్నవాడి ఉత్పాదకత అంత పెరుగుతుందట! ఈ అంకె పుట్టిల్లు మెకిన్సీ క్వార్టర్లీలో 2013 జనవరిలో వచ్చిన ఒక వ్యాసం. పెద్ద పదవుల్లో ఉన్నవారిని, మీరు ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు మామూలుకంటే ఎన్నిరెట్లు పనిచేస్తారని అడిగారు. అయిదు రెట్లన్న జవాబే వారినుంచి ఎక్కువగా వచ్చింది. అంతే! ఎవరూ కొలవలేదు, తూచలేదు. మా ఊళ్ళో ఎవరినైనా అడిగితే పదిరెట్లనే చెబుతారు.

రెండో సూత్రం: అంతరాయం లేనిచోటే ధార. ఇక్కడ నాకు అష్టావధానం గుర్తొచ్చింది. అవధాని ఎదుట అప్రస్తుత ప్రసంగిని కావాలనే కూర్చోబెడతాం కదా, ధారణ చెడగొట్టమని! అయినా పద్యం తెగదు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డు వేస్తాడు. ఆ అడ్డే అవధానికి తరువాతి మెట్టు. అది అడవిలో రెండు రోజులు ఫోను కట్టేస్తే వచ్చింది కాదు. ఏళ్ళ తరబడి ఛందస్సు, నిఘంటువులు, గురువుగారి చీవాట్లు. పద్యం తెలిసిన గురువు పద్యానికి కోచ్ కాగలడు. నా పని ఏమిటో కూడా తెలియని మనిషి నాకు "స్థితి"ని ఎలా నేర్పుతాడు? అది ఈత రానివాడు తడి గురించి ఉపన్యసించడం.

మధ్యాహ్నం మమ్మల్ని రోడ్డుపక్క బొంగులో చికెన్ కాల్చే ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ నిప్పులమీద వెదురు బొంగులను తిప్పుతూ ఉంది. ఒక్కొక్కటీ ఎప్పుడు తిప్పాలో చేతికే తెలిసినట్టుంది. "చూడండి, వీరు సహజంగా ఫ్లోలో జీవిస్తారు" అన్నాడాయన, ఆవిడ వినేలాగే. నాకు తల కొట్టేసినట్టయింది. పని చేసేటప్పుడు మనసెక్కడుంటుందమ్మా అని మావాళ్ళలో ఒకరు అడిగారు.

"బొంగుమీదేనండి. మాడిపోతే మీరు డబ్బులియ్యరు గదా."

గమ్యం, వెంటనే తెలిసే ఫలితం, నేర్పు, అన్నీ ఆ రెండు ముక్కల్లోనే ఉన్నాయి. కోచ్‌గారు మాత్రం నవ్వేసి ముందుకు నడిచాడు. డబ్బుల మాట ఆయన పటంలో లేదు.

ఈ కొండలవాళ్ళకు ధార ఉందో లేదో నేను చెప్పలేను, ఆయనా చెప్పలేడు. వారు దేనికోసం పోరాడారో మాత్రం చరిత్రలో ఉంది. 1879లో రంప ఫితూరీ లేచినప్పుడు, మన్సబుదారు ఆగడాలతోపాటు కల్లుమీద వేసిన పన్నూ, ఆబ్కారీ గుత్తేదార్ల దౌర్జన్యమూ కారణాలు. జీలుగు చెట్టు ఎక్కే మనిషిది ఒళ్ళు తెలియని ఏకాగ్రతే అయి ఉండవచ్చు. కానీ అతడడిగింది ఏకాగ్రతను కాదు, చెట్టును.

మా గుంపులో ఒక కుర్రాడున్నాడు. పగలు మూడు సమావేశాలు, రాత్రి అమెరికావారి ఫోన్లు, మధ్యలో ప్రతి పావుగంటకూ ఎవరో ఒకరి సందేశం. లక్ష్యం పైవాళ్ళు పెడతారు, వారానికోసారి వాళ్ళే మారుస్తారు. ధారకు కావలసిన మూడు షరతుల్లో ఒక్కటీ అతని చేతిలో లేదు. అందరి ముందూ కోచ్‌గారు అతనికి చెప్పింది: "అంతరాయం బయట లేదు, నీ లోపల ఉంది." కుర్రాడు తలవంచుకుని రాసుకున్నాడు. నా కోపమంతా ఇక్కడే. సంస్థ చేసిన తప్పును ఉద్యోగి మనస్తత్వంలో లోపంగా మార్చి, దానికి చికిత్స పేరిట ఆ సంస్థ దగ్గరే రుసుము వసూలు చేయడం!

చిక్సెంట్‌మిహాయినే చదివినా ఈ బేరం నిలవదు. లెఫీవర్‌తో కలిసి ఆయన 1989లో ప్రచురించిన పరిశోధనలో ఉద్యోగుల చేతికి పేజర్లిచ్చి, అవి మోగినప్పుడల్లా ఏం చేస్తున్నారో, ఎలా ఉన్నారో రాయమన్నారు. తీరికవేళకంటే పనిలోనే ధార ఎక్కువగా కనబడింది. అయినా పనిలో ఉన్నప్పుడే వేరే ఏదైనా చేస్తే బాగుండునని ఎక్కువగా కోరుకున్నారు. అంటే ధార దొరికినా ఆ పని తమది కాదనిపించింది. ఎందుకనిపించిందన్నది అడగవలసిన ప్రశ్న. ధార మంచికీ చెడుకూ ఒకేలా పనికివస్తుందని కూడా ఆయన హెచ్చరించాడు. జూదరికీ కాలం తెలియదు.

కోచ్‌లందరూ మోసగాళ్ళని అనను. ఆ కుర్రాడి తరఫున అతని పైవాళ్ళతో ఒక్క గంట కూర్చుని, సగం సమావేశాలు ఎత్తేయండని చెప్పగలిగినవాడు దొరికితే, ఆయన రుసుము నా జేబులోంచి ఇస్తాను.

తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు పొడుగునా సిగ్నల్ లేదు. ఎవరో అంత్యాక్షరి మొదలుపెట్టారు, ఆ కుర్రాడు గొంతెత్తి పాడాడు. రంపచోడవరం దగ్గర పడుతుండగా ఇరవై ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి.