మంచి దెబ్బా? చెడ్డ దెబ్బా?

తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాడికి గోల్ఫుతో ఏం పని అని పాఠకులు ముక్కుమీద వేలు వేసుకుంటారేమో. నిజానికి నాకూ ఏ పనీ లేదు. చిన్నప్పుడు కర్రాబిళ్ళ ఆడి పక్కింటివారి కుండ పగలగొట్టడం తప్పిస్తే, కర్రతో దేన్నీ కొట్టిన ఖ్యాతి నాకు లేదు. అయినా 2023 వేసవి సెలవుల్లో అమెరికాలో మా అక్కగారింట్లో నెలరోజులు తిష్ఠవేసిన పాపానికి, ఒక గోల్ఫు దుకాణంలో రెండు గంటలసేపు న్యాయమూర్తి పీఠం ఎక్కవలసి వచ్చింది. ఆ తీర్పు సంగతే ఈ వారం మనవి చేస్తాను.

మా బావగారు టెక్సాస్‌లో డాలస్ పక్కన కాపురముంటారు. ఇంజనీరు. అప్పటికి అరవై మూడేళ్ళు. శనివారం తెల్లవారేసరికల్లా ముగ్గురు మిత్రులతో కలిసి ఊరి మునిసిపాలిటీవారి గోల్ఫు మైదానానికి పోవడం ఆయనకు వ్రతంలాంటిది. అంతకు ముందు ఏడాది నడుముకు ఆపరేషన్ అయింది. ఆరునెలలు ఆట వద్దన్నారు డాక్టర్లు. ఆ తరువాత నిక్షేపంగా ఆడుకోమన్నారు. బావ రెండు శనివారాలు వెళ్ళివచ్చి మూడో వారం నుంచి మానేశారు. ఏమని అడిగితే "ఎండ" అంటారు. టెక్సాస్ ఎండ నిజమే గాని, అది ఆయన వెళ్ళిన నాటినుంచీ ఉన్నదే కదా!

వంటింట్లో అక్క అసలు సంగతి నా చెవిలో వేసింది. "ఎండా కాదు, పాడూ కాదురా. అక్కడ చెరువొకటుంది."

ఆ మైదానంలో పద్నాలుగో గుంట దగ్గర చిన్న చెరువు అడ్డం. అవతలి గట్టు చేరాలంటే బంతి గాలిలో 150 గజాలు పోవాలి. ఆపరేషన్‌కు ముందు బావ నాలుగో నంబరు ఐరన్ కర్రతో దాన్ని అవలీలగా దాటించేవారు. తరువాత రెండు శనివారాలూ బంతి నీళ్ళపాలైంది. మిత్రులు నవ్వినా బాగుండేది. జాలిపడ్డారట! అదీ ఆయనకు గుచ్చుకున్నది. సోఫాలో కూర్చుని టీవీ చూడడం మొదలుపెట్టారు. "నడుం నొప్పి తగ్గింది గాని మనిషి తగ్గిపోతున్నాడు. నువ్వు దగ్గరుండి ఆ కొత్తరకం కర్ర కొనిపించరా" అన్నది అక్క. అక్క మాట ఆజ్ఞ.

ఆ కొత్తరకం కర్ర పేరు హైబ్రిడ్. గోల్ఫు కర్రల్లో రెండు జాతులున్నవి. లావాటి తలతో దూరం కొట్టేవి వుడ్‌లు. పేరుకే కొయ్య. ఇప్పుడు వాటి తలలు చాలావరకు లోహమే. పలచని రేకులాంటి తలతో గురి చూసి కొట్టేవి ఐరన్‌లు. ఐరన్‌లలో నంబరు తగ్గుతున్నకొద్దీ ముఖం నిటారుగా ఉంటుంది, కర్ర పొడుగవుతుంది, కొట్టడం గండమవుతుంది. ఉరుములూ మెరుపులూ వచ్చినప్పుడు ఒకటో నంబరు ఐరన్ ఎత్తి పట్టుకొంటే చాలు, దాన్ని దేవుడు కూడా కొట్టలేడని లీ ట్రెవినో అనే ఆటగాడు హాస్యమాడేవాడట. 1975లో ఆయన మీద నిజంగానే పిడుగు పడింది గనుక ఆ హాస్యానికి హక్కున్నవాడు.

ఈ రెండు జాతులకూ మధ్య పుట్టినది హైబ్రిడ్. మా వ్యాకరణంలో మిశ్ర సమాసం వంటిదనుకోండి. పొడుగు సుమారుగా ఐరన్‌దే, వుడ్ కంటే ఒకటి రెండంగుళాలు పొట్టి. తల మాత్రం వుడ్‌ను పోలి వెనక్కి సాగి ఉంటుంది. బరువంతా కిందికీ వెనక్కీ చేరడంవల్ల బంతి సులువుగా పైకి లేస్తుంది. అడుగు వెడల్పు గనుక గడ్డిలో దిగబడదు. ఇరవై ఏళ్ళుగా మూడో నంబరు, నాలుగో నంబరు ఐరన్‌లను చాలామంది సంచుల్లోంచి ఇది సాగనంపింది. పందెంలో ఒక ఆటగాడి సంచిలో పద్నాలుగు కర్రలకు మించి ఉండరాదని నియమం గనుక, ఒకటి రావాలంటే ఒకటి పోవాలి మరి.

దుకాణంలో ఒక పక్క వల కట్టిన గది. బంతిని వలలోకి కొడితే చాలు, పక్కనున్న యంత్రం దాని వేగం, లేచిన కోణం, తిరుగుడు కొలిచి, బయట అయితే ఎన్ని గజాలు పోయేదో లెక్కగట్టి తెరమీద చూపిస్తుంది. అక్కడ ఉద్యోగం చేసే కుర్రవాడు బావగారితో నాలుగు బంతులు కొట్టించి, రెండు కర్రలు తెచ్చి ముందు పెట్టాడు. రెండూ టైటిలిస్ట్ వారివే. ఒకటి టి.ఎస్.ఆర్.2, రెండోది టి.ఎస్.ఆర్.3. ఏది తీసుకున్నా దగ్గర దగ్గర మూడువందల డాలర్లు. కనుక డబ్బు తీర్పు చెప్పదు. రెండిటి మెడ దగ్గరా ఒక మర ఉంది. దాన్ని పదహారు రకాలుగా అమర్చి వాలు కాస్త ఇటూ అటూ మార్చుకోవచ్చు. కుర్రవాడు ఆ మర తిప్పి, రెండిటి వాలూ 21 డిగ్రీల చుట్టుపక్కల సరిపెట్టాడు. కనుక వాలూ తీర్పు చెప్పదు.

తేడా అంతా తలలో. రెండో నంబరు తల పెద్దది, వెడల్పు, వుడ్ పోలిక. నేలను ఊడ్చినట్టు బంతిని తుడుచుకుపోయేవారి కోసం చేసినది. మూడో నంబరు తల చిన్నది, పొందిక, ఐరన్ పోలిక. పైనుంచి దిగగొట్టే బలశాలుల కోసం చేసినది. చూడగానే బావగారి కళ్ళు మూడోదానికి అతుక్కుపోయాయి. "ఇదీ కర్రంటే! అది చూడు, గరిటెలాగుంది" అన్నారు.

కళ్ళకు నచ్చడం చిన్న సంగతి కాదు సుమండీ. బంతిమీద కర్ర ఆనించి కిందికి చూసినప్పుడు మనసు కుదరకపోతే చెయ్యి కుదరదని ఆ కుర్రవాడే ఒప్పుకొన్నాడు. అయితే కొట్టి చూడమన్నాడు.

బావ మూడోది అందుకొన్నారు. మొదటి దెబ్బకే 'టక్' మని చప్పుడు. 172 గజాలు! ఆయన ముఖంలో పాతికేళ్ళు రాలిపోయాయి. "ఇంకేం చూస్తావోయ్, బిల్లు వెయ్యమను" అన్నారు. కుర్రవాడు నవ్వి, ఇంకా తొమ్మిది కొట్టమన్నాడు. తరువాత రెండో కర్రతో పది. నేను నా అలవాటు కొద్దీ మార్కుల జాబితా వ్రాసినట్టు అన్నీ కాగితం మీద ఎక్కించాను.

మూడో నంబరుతో పదింట రెండు 170 దాటాయి. నాలుగు 160 దగ్గర పడ్డాయి. మిగిలిన నాలుగూ 140 దగ్గరే చతికిలపడ్డాయి. రెండో నంబరుతో అన్నిటికంటే మంచి దెబ్బ 167. అన్నిటికంటే చెడ్డ దెబ్బ 152.

కాగితం చూపించాను. బావ చూడలేదు. "172 చూశావా లేదా?" అన్నారు.

"చూశాను బావా. 140 కూడా చూశాను."

"అవి నేను సరిగా కొట్టనివి."

"చెరువు దగ్గర సరిగా కొట్టనివి లెక్కలోకి రావా?"

ఆయన ముఖం ఎర్రబడింది. చేతిలో కర్ర తిప్పుతూ, "ఏమోయ్, మీ కాలేజీలో మైకు ఇస్తే అక్కర్లేదన్నావట. మీ అక్క చెప్పింది. ఆ కథేమిటి?" అన్నారు.

పాఠకులకు చెప్పక తప్పదు. మా తరగతిలో తొంభైమంది పిల్లలు. ఆ ఏడాది నాకు గొంతు తరచు బొంగురుపోతున్నది. గొంతు డాక్టరు, అరిచి చెప్పడం తగ్గించమన్నాడు. ప్రిన్సిపాల్‌గారు కాలరుకు తగిలించుకొనే చిన్న మైకు తెప్పించి ఇచ్చారు. నేను దణ్ణంపెట్టి తిప్పి పంపాను. పోతన పద్యం చదవడానికి మైకేమిటి, నా గొంతుకేం లోటు అన్నాను. అన్నమాట నిజం. అంతే కాదు, పాఠం మొదటి పది నిమిషాలూ నా గొంతు నేటికీ కంచులాగే మోగుతుంది. నలభయ్యో నిమిషంలో చివరి బెంచీ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం నేను చూశాను. చూసి, చూడనట్టు ఊరుకొన్నాను.

అంటే నేనూ నా 172ను పట్టుకొని వేళ్ళాడుతున్నాననే కదా అర్థం! బావగారికి సమాధానం చెప్పలేకపోయాను.

మా ఇద్దరి భాషా తెలియకపోయినా మౌనం తెలిసినట్టుంది, కుర్రవాడు అందుకొని పెద్దతల రహస్యం చెప్పాడు. బంతి ముఖం నడుమ తగిలితే ఏ కర్రయినా ఒకటే. కాస్త చివరకు తగిలితే చిన్న తల గిర్రున మెలి తిరిగిపోతుంది, బలం వృథా అవుతుంది. పెద్దతలలో బరువు అంచులకు పంచి ఉంటుంది గనుక తొందరగా మెలి తిరగదు. కావడి భుజాన వేసుకొన్నవాణ్ణి ఒక్కసారిగా పక్కకు తిప్పబోతే తిరుగుతాడా? అదే సూత్రం. అయితే అందరికీ పెద్దతలే మేలని అతను అనలేదు. గట్టిగా దిగగొట్టే యువకుల చేతిలో పెద్దతల కర్ర బంతిని ఎడమవైపు లాక్కుపోవచ్చుననీ, అలాటివారికి మూడో నంబరే మంచి జోడీ అనీ చెప్పాడు. ఏ కర్ర గొప్పదన్నది కాదు ప్రశ్న, కొట్టేవాడెవరన్నది.

"ఇవన్నీ ముసలివాళ్ళ కర్రలు" అని గొణిగారు బావ.

కుర్రవాడు 2009 సంగతి ఎత్తాడు. ఆ ఏడాది మిన్నెసోటాలో హేజల్‌టైన్ మైదానంలో పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్. టైగర్ వుడ్స్ అంతవరకు పెద్ద పోటీల్లో పద్నాలుగుసార్లు మూడోరోజు ముగిసేసరికి ముందంజలో ఉండి, పద్నాలుగుసార్లూ గెలిచాడు. పదిహేనోసారి దక్షిణ కొరియావాడు వై.ఇ. యాంగ్ ఎదురునిలిచాడు. చివరి గుంటకు సుమారు 200 గజాల దూరంనుంచి ఆయన కొట్టిన బంతి జెండాకు పది పన్నెండడుగుల్లో ఆగింది. అది కొట్టినది హైబ్రిడ్‌తో. ఆసియాలో పుట్టిన మగవాడు పెద్దపోటీ గెలవడం అదే మొదటిసారి. "ఆయన ముసలివాడా?" అని అడిగాడు కుర్రవాడు.

ఆ పోటీ బావ టీవీలో చూసినవారే. ఏమీ అనలేదు. నా కాగితం అందుకొని చాలాసేపు చూశారు. ఇంజనీరు కదా, అంకెలతో ఎక్కువసేపు పేచీ పెట్టుకోలేరు. "వంతెన కట్టేటప్పుడు మంచిరోజున ఎంత బరువు మోస్తుందో చూడం. చెడ్డరోజున ఎంత మోస్తుందో చూస్తాం" అన్నారు, తనలో తాను అనుకొన్నట్టు. మూడో నంబరును ఒక్కసారి చేత్తో నిమిరి బల్లమీద పెట్టారు. గరిటె కొన్నారు.

బరువు తక్కువ షాఫ్ట్ వేయించుకోమన్న సలహాకు కూడా తల ఊపారు. ఏ రకం కర్రయినా కొనబోయేవారికి నేను గ్రహించినది ఇంతే. పేరూ నంబరూ చూడకండి, వాలు చూడండి. మీ సంచిలో ఉన్న కర్రలకు మధ్య ఏ దూరానికి కర్ర లేదో అక్కడికి అది సరిపోవాలి. ఒకటి కొట్టి మురిసిపోకండి, పది కొట్టండి. పదింటిలో మొదట చూడవలసినది అన్నిటికంటే చెడ్డది.

ఆ శనివారం నేనూ వెంట వెళ్ళాను. పద్నాలుగో గుంట దగ్గర మిత్రులు ముగ్గురూ మాటలు ఆపేశారు. బావ కొట్టారు. నాకే తెలిసింది అది మంచి దెబ్బ కాదని. 'టక్' అనలేదు, 'థప్' అన్నది. బంతి వంకరగా లేచి, కుంటుకుంటూ పోయి, అవతలి గట్టు అంచున గడ్డిలో పడింది. నీళ్ళకు రెండు మూడడుగుల ఇవతల కాదు, అవతల! ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ జాలిపడలేదు. తరువాతివాడు తన బంతి పెట్టుకొన్నాడు. బావకు కావలసినదీ అదే. ఇంటికి వచ్చి అక్కతో ఎండ సంగతి ఎత్తలేదు. వచ్చే శనివారానికి సాక్సులు ఉతికావా అని అడిగారు.

సెలవులైపోయి కాలేజీ తెరిచారు. నేను ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్ళి, ఆయన ఏమీ అడగకముందే బీరువాలోని మైకు ఇమ్మన్నాను. మొదటి రోజు నా గొంతు నాకే పరాయిగా వినిపించి సిగ్గేసింది. గంట కొట్టాక చివరి బెంచీ కుర్రవాడొకడు పుస్తకాలు సర్దుకుంటూ, "మాస్టారూ, ఇవాళ ఆఖరి పద్యం కూడా వినబడిందండీ" అన్నాడు. అంటే ఇన్నాళ్ళూ?

ఆ రాత్రి బావగారికి ఫోనుచేసి మైకు సంగతి చెప్పాను.

"ఎంతదూరం పోయిందోయ్?" అన్నారాయన.

"చివరి బెంచీ దాకా" అన్నాను.